మొక్కజొన్న వేద్దామంటావా చెల్లీ, అయితే ఇలా వచ్చి కూర్చో

ఈ ఏడు చేలో మొక్కజొన్న వేద్దామా వద్దా అని మీ ఇంట్లో మాట నడుస్తోంది కదూ? పక్క చేనాయనకు పోయినేడు బాగా వచ్చిందనీ, చెనిక్కాయ వేసి వేసి విసిగిపోయామనీ, శనగకు ధర ఎప్పుడు నిలబడుతుందో తెలియదనీ మీ ఆయన అంటుంటాడు. అత్తమ్మేమో జొన్న వేసుకుంటే తిండికి తిండి, చొప్పకు చొప్ప అంటుంది. మధ్యలో నువ్వు. ఎవరి మాట కాదన్నా ఇంకొకరికి కోపం. తీరా పంట పోతే ప్రొద్దుటూరు అంగట్లో తాకట్టుకు చేరేది నీ మెడలో గొలుసే. ఆ దిగులు నాకు తెలుసు తల్లీ. సేద్యం ఉన్న మన ఇళ్ళన్నిట్లోనూ ఉన్న దిగులే అది. కూర్చుని నెమ్మదిగా మాట్లాడుకుంటే సగం తీరుతుంది, రా.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకో. జొన్న పండించిన చేత్తోనే దీన్నీ పండించెయ్యొచ్చులే అనుకుంటాం చూడు, మొక్కజొన్నలో మనం దెబ్బ తినేది అక్కడే. జమ్మలమడుగు వైపు నల్లరేగట్లో రబీ జొన్న ఎలా పండుతుందో నీకు నేను చెప్పాలా? వానలు తగ్గుముఖం పట్టాక, నేల దాచుకున్న పదునులో విత్తుతాం. ఆ తర్వాత చినుకు పడ్డా పడకపోయినా జొన్న ఓర్చుకుంటుంది. తేమ తగ్గితే ఆకులు చుట్టుకుని ఎదుగుదల ఆపేస్తుంది, మళ్ళీ కాస్త తడి తగలగానే లేచి నిలబడుతుంది. మొక్కజొన్నకు ఆ ఓర్పు లేదు. నూరు, నూట పది రోజుల్లో పనంతా ముగించుకోవాలని తొందరపడే మొక్క అది. అడిగిన రోజున నీళ్ళు, అడిగిన రోజున ఎరువు అందితే వాన జొన్న ఎన్నడూ ఇవ్వనంత దిగుబడి ఇస్తుంది. అందకపోతే పచ్చటి దంట్లు మిగులుతాయి, గింజ ఉండదు.

మన సీమలో అన్ని నీళ్ళెక్కడివి అక్కా అంటావా? ఆ ప్రశ్న ముందే అడుక్కున్న ఇల్లు బాగుపడుతుంది. ప్రొద్దుటూరు చుట్టుపక్కల కేసీ కాలువ కింద ఉన్నవాళ్ళది ఒక లెక్క. జమ్మలమడుగు దగ్గర మైలవరం జలాశయం నీళ్ళు పారేవాళ్ళది ఇంకో లెక్క. పులివెందులలో చీనీ, అరటి తోటలకు డ్రిప్పు వేసుకుని బోర్ల మీద బతికేవాళ్ళది మరో లెక్క. కాలువ కింద ఉంటే నీళ్ళు ఎప్పుడు వదులుతారు, ఎప్పుడు కట్టేస్తారు అన్నది విత్తకముందే కనుక్కోవాలి. బోరు మీద ఉంటే మనమే కొలుచుకోవచ్చు. ఎలాగో చెప్తాను, ఇవాళే చేసి చూడు.

20 లీటర్ల బకెట్టు ఒకటి తీసుకుని బోరు నీళ్ళ కింద పెట్టు. ఫోన్‌లో సెకన్లు చూడు. 20 సెకన్లలో నిండిందనుకో, సెకనుకు ఒక లీటరు వస్తున్నట్టు. గంటకు 3,600 లీటర్లు. కరెంటు 7 గంటలు ఉంటే 25 వేల లీటర్లు. ఇప్పుడు మొక్క వైపు లెక్క చూద్దాం. మొక్కజొన్నకు పంటకాలం మొత్తం మీద 500 నుంచి 600 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలి. ఎకరాకు 20 లక్షల లీటర్ల పైమాటే. పూత, పీచు రోజుల్లో ఎండను బట్టి రోజుకు 6 మిల్లీమీటర్ల దాకా తాగుతుంది. అంటే ఎకరాకు రోజూ 24 వేల లీటర్లు. చూశావా, ఆ బోరు ఒక్క ఎకరాకు చాలు, అదీ డ్రిప్పుతో పొదుపుగా పెడితే. కాలవల్లో పారబెడితే దారిలో ఇంకిపోయేది వేరే. మీ ఆయన మూడెకరాలు వేస్తానంటే కోప్పడకు, బకెట్టు దగ్గరికి తీసుకెళ్ళి చూపించు. బోరు ఎంత అంటే అంత మొక్కజొన్న, మిగతా చేనంతా అత్తమ్మ చెప్పినట్టు జొన్న. ఇద్దరి మాటా నిలబడుతుంది. ఒక్కటి మాత్రం మరవకు. కొలవాల్సింది వానలు పడ్డ వారానికి పొంగే బోరును కాదు, సంక్రాంతి దాటాక మీ బోరు ఎలా ఉంటుందో దాన్ని. అది ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తుంటుంది, అడుగు.

ఇక ఎప్పుడు వేయాలి అన్నది. ఖరీఫ్‌లో అయితే జూన్, జూలైల్లో మంచి పదును వాన పడ్డాక. నీటి వసతి ఉన్నవాళ్ళకు నా మనసు మాత్రం రబీ మీదే. అక్టోబరు 15 నుంచి నవంబరు 15 లోపల విత్తుకుంటే పూత చలి రోజుల్లో వస్తుంది, తెగుళ్ళు తక్కువ, గింజ బరువు ఎక్కువ. ఆ గడువు దాటి జనవరి, ఫిబ్రవరిల్లో విత్తామనుకో, పూత సరిగ్గా మన కడప ఎండల్లోకి పోయి పడుతుంది. 40 డిగ్రీలు దాటిన గాలిలో మొక్కజొన్న పుప్పొడి బతకదు. చేను చూడ్డానికి కళకళలాడుతుంది, కంకి విప్పితే గింజ ఉండదు. నలుగురూ వేశారని ఆలస్యంగా వేయొద్దు చెల్లీ, వేళ మించిపోతే ఆ ఏడుకు వదిలెయ్.

ఆ పూత సంగతి కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఈ మొక్క గుట్టంతా అక్కడే ఉంది. తల మీద విచ్చుకునే జల్లు మగపూత. నడుం దగ్గర ఆకు ఒడిలోంచి వచ్చే కంకి ఆడది. కంకి కొసన మెత్తగా, లేత ఆకుపచ్చగా వేలాడుతుంది చూడు పీచు, చెత్త అని తీసి పారేస్తాం కదా, ఆ ఒక్కో పోగూ ఒక్కో గింజకు కట్టిన దారి. లోపల ఎన్ని గింజలు పట్టాలో అన్ని పోగులు. ఎండ బాగా ముదరకముందు, పొద్దున పూట జల్లు నుంచి పుప్పొడి రాలుతుంది, గాలికి వచ్చి పీచు మీద వాలుతుంది, ఆ పోగు వెంట లోపలికి దిగుతుంది. పుప్పొడి అందిన పోగుకు గింజ. అందని పోగుకు బోడి. ఒక కంకి తెచ్చి వరుసలు లెక్కపెట్టి చూడు, 12, 14, 16, ఇలా సరి సంఖ్యే వస్తుంది. పిల్లలకు చూపిస్తే ఎంత ముచ్చట పడతారో.

ఇప్పుడు చెప్పు, పూత వచ్చే ఆ వారం రోజులు నీళ్ళు తప్పితే ఏమవుతుంది? జల్లు తన వేళకు విచ్చుకుంటుంది, దాహంగా ఉన్న కంకి మాత్రం పీచును ఆలస్యంగా బయటికి పంపుతుంది. పీచు వచ్చేసరికి పుప్పొడి అయిపోయి ఉంటుంది. తర్వాత ఎన్ని తడులు పెట్టినా పోయిన గింజ రాదు. అందుకే మోకాలెత్తు పెరిగినప్పుడు ఒకసారి, జల్లు వచ్చేటప్పుడు, పీచు వేసేటప్పుడు, గింజ పాలు పోసుకునేటప్పుడు తడి తప్పనే కూడదు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళున్నా తిరునాళ్ళున్నా ఇంట్లో ఒకరు చేను దగ్గర ఉండేలా చూసుకోండి. చుట్టాలు అర్థం చేసుకుంటారు, వాళ్ళూ సేద్యగాళ్ళే.

చేను లేదు, పెరట్లో నాలుగు మొక్కలు పెట్టుకుంటే ప్రతిసారీ సగం బోడి కంకులే వస్తున్నాయని దిగులుపడేవాళ్ళకూ మందు ఇదే. గోడ వెంట ఒకే వరుసగా పెడతాం కాబట్టి పుప్పొడి గాలికి కొట్టుకుపోతుంది. అలా కాకుండా నాలుగు వరుసల్లో నాలుగేసి మొక్కలు, చదరంగా, ఒకదానికొకటి దగ్గరగా పెట్టు. పీచు వచ్చిన రోజుల్లో పొద్దున్నే వెళ్ళి జల్లును మెల్లగా కదిపి రా. తేడా నీకే తెలుస్తుంది.

విత్తనం కొనేటప్పుడు కాస్త గట్టిగా ఉండు. ఎకరాకు 8 కిలోలు చాలు. వరుసకూ వరుసకూ 60 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 20 సెంటీమీటర్లు వదిలితే ఎకరాకు 33 వేల పైచిలుకు మొక్కలు వస్తాయి. ఒత్తుగా వేస్తే ఎక్కువ పండుతుందని విత్తనం కుమ్మరించొద్దు, కంకులు సన్నబడతాయి. పోయినేటి హైబ్రిడ్ గింజలు డబ్బాలో ఉన్నాయి కదా, అవే వేద్దామని మాత్రం అనకు తల్లీ. జొన్నలో మంచి కంకి ఏరి దాచుకునే అలవాటు మన అమ్మమ్మలది, నంద్యాల తెల్లజొన్నలాంటి రకాలకు అది చెల్లుతుంది. హైబ్రిడ్ మొక్కజొన్న గింజ రెండో ఏడు వేస్తే ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి, పూత ఒక్కో మొక్కకు ఒక్కోనాడు. ఏటా కొనాల్సిందే. కొన్నప్పుడు బిల్లు అడిగి తీసుకో, ఖాళీ సంచి మీద లాట్ నంబరు ఉంటుంది, ఆ సంచీ బిల్లూ పంట ఇంటికొచ్చేదాకా బీరువాలో పెట్టు. మొలక రాకపోయినా, కంకి పడకపోయినా నీ తరఫున మాట్లాడేవి ఆ రెండే. మొహమాటపడకు. ఈ-క్రాప్‌లో పంట నమోదు చేయించడం కూడా నువ్వే గుర్తు చెయ్, ఆ పని మగవాళ్ళు రేపు రేపంటూ గడిపేస్తారు.

ఇది తిండిపోతు మొక్క, ఒప్పుకుందాం. కానీ ఎరువంతా ఒక్కసారే వేస్తే తినలేదు. యూరియాను మూడు భాగాలు చేసి, విత్తేటప్పుడు ఒకటి, 30 నుంచి 35 రోజులకు మోకాలెత్తున ఉన్నప్పుడు ఒకటి, 50 నుంచి 55 రోజులకు పూత ముందర ఒకటి. లేత ఆకుల మీద ఈనె పక్కన తెల్లటి చారలు కనబడితే పురుగేమో అని మందుల అంగడికి పరుగెత్తకు, అది జింకు లోపం. లీటరు నీళ్ళకు 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేస్తే తేరుకుంటుంది. కలుపుకు విత్తిన 48 గంటల్లో అట్రాజిన్ కొడతారు, 200 లీటర్ల నీళ్ళలో తేలిక నేలకు 800 గ్రాములు, నల్లరేగడికి 1.2 కిలోలు. అయితే మధ్యలో అలసందో కందో వేసుకున్నవాళ్ళు దాని జోలికి పోవద్దు, పప్పు మొక్కలు చచ్చిపోతాయి. వాళ్ళకు గుంటకే దిక్కు. ఇంకో మాట, నీళ్ళు కావాలన్నాను కదా అని నిలగట్టొద్దు. మొదటి నెలలో నల్లరేగట్లో నీళ్ళు నిలిస్తే వేరుకు ఊపిరాడక చేను పసుపు రంగుకు తిరుగుతుంది. బోదెలు తోలి, ఏటవాలు చూసి నీళ్ళు బయటికి పోయే దారి ముందే చేసి పెట్టుకోవాలి.

కత్తెర పురుగు పేరు వింటేనే గుండె జారుతోందా? జారుతుంది మరి. అమెరికా ఖండాల పురుగు అది, 2018 మేలో కర్ణాటకలో శివమొగ్గ దగ్గర మన దేశంలో మొదటిసారి కనబడింది, అదే ఏడు మన రాష్ట్రానికీ పాకింది. ఇప్పుడు మొక్కజొన్న వేసిన ప్రతి చోటా ఉంది. అయినా భయపడాల్సింది చూడనివాళ్ళు, రోజూ చూసేవాళ్ళు కాదు. మొలిచిన వారం నుంచీ పొద్దున్నే చేలోకి వెళ్ళు. ఆకు మీద గాజు పలకలా కిటికీలు కిటికీలుగా గీకినట్టుంటే అది పిల్ల పురుగు పని. సుడి విప్పి చూస్తే లోపల రంపపు పొట్టులాంటి రెట్ట ముద్దగా ఉంటుంది. పురుగును అరచేతిలో పెట్టుకుని తల చూడు, తిరగేసిన ‘వై’ అక్షరం గీతలుంటాయి, తోక దగ్గర నాలుగు నల్ల చుక్కలు చదరంగా ఉంటాయి. అవి కనబడితే ఇంక అనుమానం లేదు.

చిన్నగా ఉన్నప్పుడైతే 1500 పీపీఎం వేప మందు లీటరుకు 5 మిల్లీలీటర్లు చాలు. సుడుల్లో సన్న ఇసుక చల్లినా పిల్ల పురుగులు చాలా వరకు పోతాయి. గుడ్ల ముద్దలు కనబడితే అక్కడికక్కడే నలిపెయ్. మించితే ఎమామెక్టిన్ బెంజోయేట్ లీటరుకు 0.4 గ్రాములు, అదీ సాయంత్రం పూట, మందు సుడిలో పడేలా. ఆకుల పైపైన కొడితే డబ్బు నేలపాలు, పురుగు లోపల చల్లగా ఉంటుంది. బాగా పెరిగి సుడిలో దాక్కున్న పురుగుకు విషపు ఎర పెడతారు. 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం, రెండు మూడు లీటర్ల నీళ్ళు కలిపి ఒక రోజు పులియబెట్టి, చల్లే ముందు 100 గ్రాముల థయోడికార్బ్ కలిపి సుడుల్లో వేయడం. ఆ పని చేసేవాళ్ళు చేతులకు తొడుగులు వేసుకోవాలి, కోళ్ళూ కుక్కలూ పిల్లలూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. వంట గిన్నెల్లో కలపొద్దు, చెప్పానా! మందు మార్చాలన్నా, మోతాదు అనుమానం వచ్చినా ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో అడుగు, లేదా 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్‌కు ఫోన్ చెయ్, తెలుగులోనే మాట్లాడతారు. మందుల అంగట్లో ఆయన చెప్పిన మూడు సీసాలూ కలిపి కొట్టే పని మాత్రం పెట్టుకోవద్దు.

కంకి పాలు పట్టాక రాత్రిళ్ళు అడవి పందులు దిగుతాయి. కాపలా కష్టమే, ఒప్పుకుంటాను. నిద్ర చాలదు, చలి. కానీ చేను చుట్టూ కరెంటు తీగ పెడతానని ఇంట్లో ఎవరు అన్నా అడ్డు పడు తల్లీ, అలిగైనా సరే ఆపు. తెల్లారి చూస్తే ఆ తీగ మీద పడి ఉండేది పక్కింటి పిల్లాడో, మన ఇంటి మనిషో అయితే ఏం చేస్తాం? ఇలాంటివి మన జిల్లాల్లో విన్నాం కదా. ఇరుగుపొరుగు నలుగురు రైతులు వంతులు వేసుకుంటే కాపలా తేలికవుతుంది.

పంట చేతికొచ్చాక మనకు తొందర. అప్పులవాడు గుమ్మంలో ఉంటాడు, వ్యాపారి కల్లానికే వస్తానంటాడు. ఒక్క క్షణం ఆగు. కంకి మీది పొరలు ఎండి, గింజ తీసి మొన దగ్గర గీరి చూస్తే నల్లటి చుక్క కనబడాలి. అప్పుడే గింజ నిండినట్టు. అప్పటికీ గింజలో 25 శాతం దాకా తేమ ఉంటుంది, కొనేవాళ్ళు అడిగేది 14 శాతం. పచ్చిది అమ్మితే తేమ పేరు చెప్పి ఎంత కోస్తారో వాళ్ళిష్టం. అందుకని లెక్క నువ్వే వేసుకో. 20 శాతం తేమ ఉన్న గింజ 100 కిలోలు ఎండి 14 శాతానికి దిగితే 93 కిలోలు అవుతుంది. తగ్గేది 7 కిలోలు. అంతకన్నా ఎక్కువ కోత అడిగితే ఎండబెట్టుకోవడమే లాభం. గింజ కొరికితే టప్‌మని విరగాలి, అదే మన ఇంటి తూకం. టార్పాలిన్ మీద పలచగా పరిచి ఎండబెట్టు, మట్టి నేల మీద వద్దు, మంచు పడకముందే కప్పెయ్. గండికోటలో ఆ పెద్ద ధాన్యాగారం చూశావుగా, గింజను పొడిగా దాచడం మనవాళ్ళకు కొత్తా ఏమిటి!

ఎందుకింత చెప్తున్నానంటే, తడి గింజకు బూజు పడుతుంది. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. కోళ్ళు చచ్చిపోతాయి, కాలేయం చెడుతుంది. పాడైన గింజ కదా, మనకెందుకు, ఎనుముకు పెడదామనుకుంటాం. పెడితే ఆ విషం పాలలోకి దిగుతుంది, ఆ పాలు తాగేది మన పిల్లలే. బూజు పట్టింది పారెయ్యడమే.

ధర ఎందుకిలా ఎగిరిపడుతుంది అంటావా? మన దేశంలో పండే మొక్కజొన్నలో సగానికి పైగా కోళ్ళకూ పశువులకూ దాణాగా పోతుంది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందు వరసలో ఉన్న రాష్ట్రం మనది. ఉదయం పిల్లాడికి పెట్టే గుడ్డు వెనక మొక్కజొన్న చేను ఉంది. ఇంకొంత పిండిపదార్థం తీసే ఫ్యాక్టరీలకు పోతుంది, బట్టల గంజికీ, మందు బిళ్ళలకూ, కాగితానికీ వాడతారు. ఈ మధ్య పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు కూడా కొంటున్నారు. కోళ్ళ రైతు, ఇథనాల్ కంపెనీ పోటీపడితే ధర లేస్తుంది, కోళ్ళకు జబ్బొస్తే పడుతుంది. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. హైబ్రిడ్ జొన్నకు 3,699. క్వింటాలు ధర జొన్నదే ఎక్కువ, ఎకరాకు వచ్చే క్వింటాళ్ళు మొక్కజొన్నవి ఎక్కువ. రెండూ కాగితం మీద పెట్టి, ఖర్చు తీసి, మిగిలింది చూసుకో. మీ ఇంటి లెక్క మీ బోరు, మీ నేల చెప్పాలి, నేను కాదు.

పాడి ఉన్న ఇళ్ళలో అయితే నేను మొక్కజొన్నను గింజ కోసం కన్నా మేత కోసమే వేయమంటాను. వానలు ముఖం చాటేసిన ఏట లేత జొన్న మేసి ఎనుములు కడుపుబ్బి, నురగ కక్కి పడిపోవడం మన ఊళ్ళలో చూస్తూనే ఉన్నాం కదా. బెట్టకు గురైన లేత జొన్నలో సైనైడ్ విషం పుడుతుంది. పూత వచ్చేదాకా జొన్న మేత పచ్చిది పెట్టకూడదు. మొక్కజొన్నకు ఆ భయం లేదు. ఆఫ్రికన్ టాల్ అని మేతకే పెంచే రకం ఉంది, రెండు నెలలు దాటాక జల్లు వేసే వేళకు కోసి వేస్తే ఎనుము ఒక్క పోచ వదలదు. వేసవికి దాచుకోవాలంటే గింజ పాలు గట్టిపడే దశలో మొక్క మొత్తం కోసి, అంగుళం ముక్కలు చేసి, గుంతలోనో పెద్ద సంచిలోనో గాలి చొరకుండా బాగా తొక్కి మూసెయ్యాలి. 45 రోజులకు పుల్లటి వాసనతో మాగుతుంది, దాన్నే సైలేజి అంటారు. నల్లగా మారి కుళ్ళు వాసన వస్తే గాలి చొరబడిందన్నమాట, అది పెట్టకు. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉండనే ఉంది, ఒకసారి వెళ్ళి అడిగితే తప్పేముంది? మనకోసమే కదా ఆ చదువులు.

ఇక వంటింట్లోకి రా, ఇక్కడి దిగుళ్ళు వేరు. మొక్కజొన్న పిండి, కార్న్‌ఫ్లోర్ ఒకటేనా అని చాలామంది అడుగుతారు. కాదు. పసుపు పచ్చగా, కాస్త బరకగా ఉండేది గింజ మొత్తం ఆడించిన పిండి, రొట్టెకు పనికొస్తుంది. తెల్లగా, వేళ్ళ మధ్య కిచకిచలాడేది ఒట్టి గంజిపిండి, సూప్ చిక్కబరచడానికి తప్ప పిల్లలకు బలమేమీ ఇవ్వదు. డబ్బాల్లో వచ్చే తియ్యటి కార్న్‌ఫ్లేక్స్ పెట్టి పొద్దుటి తిండి అయిందనుకోవద్దు. కంకి ఉడికించి చేతికిస్తే అంతకన్నా మేలు. షుగర్ ఉన్న మామయ్యకు కంకి పెట్టొచ్చా అంటే, అన్నం తగ్గించి పెట్టు, అన్నం తిన్నాక పైన కాదు.

మొక్కజొన్న రొట్టె చేస్తే ఒకటి గుర్తుంచుకో. ఈ గింజలో నయాసిన్ అనే విటమిన్ ఉన్నా మన ఒంటికి సరిగ్గా అందదు. ఇదే ముఖ్యాహారంగా, పప్పూ పాలూ లేకుండా బతికిన చోట్ల పెలాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే చోట, మెడ చుట్టూ చర్మం నల్లబడి పగులుతుంది, నాలుక మండుతుంది, విరేచనాలు, ఆపైన మతి చెదరడం. ఈ మొక్క పుట్టిల్లు మెక్సికోలో ఆడవాళ్ళు గింజను సున్నపు నీళ్ళలో ఉడికించి ఆ లోటు తీర్చుకున్నారు. మన దగ్గర జొన్న మీదే బతికిన పేదల్లోనూ ఇదే జబ్బు కనబడింది. హైదరాబాదులోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య దాని మీద పని చేసి 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. జొన్నలో లూసిన్ ఎక్కువగా ఉండటం ఇందుకు కారణం కావచ్చని అందులో చెప్పారు. భయపెట్టడానికి చెప్పట్లేదు తల్లీ. మనింట్లో మందు ఎప్పుడూ ఉంది. రొట్టె పక్కన పప్పు, చెనిక్కాయల ఊరిబిండి, ఒక గ్లాసు మజ్జిగ. ఉత్త కారంతో రొట్టె తిని చేలోకి వెళ్ళే అలవాటు మాత్రం మానెయ్, నీ సంగతే చెప్తున్నాను. అందరికీ పప్పు వడ్డించి, గిన్నె అడుగు మిగిలితే తినేది మనమే కదా.

రొట్టె చేసేటప్పుడు పిండిలో మరిగిన నీళ్ళు పోసి, చెంచాతో కలిపి, చేయి పట్టేంత చల్లారాక బాగా పిసుకు. చల్లటి నీళ్ళతో కలిపితే అంచులు పగులుతాయి. జొన్నపిండి సగం కలిపితే తట్టడం తేలిక, రుచీ మనకు అలవాటైనదే.

వాన పడే సాయంత్రం గారెలు చేయాలనుకుంటే గింజ ఎంచుకోవడంలోనే ఉంది పనంతా. గోరుతో గిచ్చితే పాలు చిమ్మేంత లేతవి వద్దు, గోరు దిగనంత ముదురువీ వద్దు. పీచు గోధుమ రంగుకు తిరిగి, గింజ గిచ్చితే చిక్కటి పాలు వేలికి అంటుకునే కంకులు తీసుకుని, కోసిన రోజే ఒలువు. రాత్రి ఉంచితే తీపి తగ్గిపోతుంది. పచ్చిమిరపకాయలు, అల్లం, జీలకర్ర, ఉప్పు వేసి, నీళ్ళ చుక్క తగలకుండా బరకగా రుబ్బు. కొత్తిమీర, ఉల్లిపాయ తరుగు ఆఖర్న కలుపు. పిండి జారుగా అనిపిస్తే గుప్పెడు శనగపిండి. నూనె బాగా కాగాక మంట తగ్గించి, చిన్న గారెలుగా వెయ్. పెద్దవి చేస్తే లోపల పచ్చిగా ఉండి పిల్లలకు కడుపు నొప్పి.